ఆదివారం కడగని ఇంజను

తమ్ముడు పడవ ఇంజనును గోనెపట్టాలో చుట్టి, బస్సు డిక్కీలో వేసుకుని, పొద్దున్నే ఎల్బీనగర్ రింగురోడ్డులో దిగాడు. నేను వెళ్ళేసరికి ఫుట్‌పాత్ మీద దాని పక్కనే కూర్చుని, ఎవరో కాజేస్తారన్నట్టు ఒక చెయ్యి దాని మీద వేసి ఉంచాడు.

"తాడు లాగితే కదలట్లేదన్నయ్యా. నువ్వు చెయ్యి పెడితే లేస్తుందని తెచ్చా" అన్నాడు.

సముద్రం ఒడ్డున వాడికి ఒక చిన్న పడవ, ఈ ఒక్క ఇంజను. ఇది లేవకపోతే వాడు సొంత వేట మానుకుని ఇంకొకరి పడవలో కూలికి ఎక్కాలి. ఇద్దరమూ దాన్ని ఆటోలోకి ఎత్తి షాపుకి తెచ్చాం.

నాది నీళ్ళ మోటార్లు, జనరేటర్లు బాగుచేసే షాపు. ఈ ఊరు రాకముందు పదేళ్ళు బోటు ఇంజన్ల దగ్గరే పనిచేశాను. ఉప్పునీళ్ళలో తిరిగిన ఇంజనుకు ఏం చెయ్యాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒడ్డుకు రాగానే దాని కాలు, అంటే నీళ్ళలో ఉండే కింది భాగం, మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి పది నిమిషాలు నడపాలి. పక్కనుంచి సన్నటి ధార ఆగకుండా పడుతుంటే నీళ్ళు లోపలంతా తిరుగుతున్నట్టు. చివర్లో పెట్రోలు పైపు ఊడదీసి, కార్బొరేటర్‌లో మిగిలింది కాలిపోయేదాకా నడిపి, దానంతట అది ఆగనివ్వాలి. ఆరాక నూనెగుడ్డతో తుడవాలి. ఇదంతా ఆ పూటే జరగాలి. ఇసకమీద ఎండలో ఒక పగలు వదిలేస్తే నీరు ఆవిరైపోయి ఉప్పు గట్టిపడుతుంది. మర్నాడు ఎన్ని నీళ్ళు తిప్పినా అది పూర్తిగా కరగదు. వారం వారం పొర మీద పొర పేరుకుంటుంది.

హెడ్డు బోల్టులు కదల్లేదు. పక్క షాపు వెల్డింగ్ అన్న వచ్చి గ్యాసుతో కాల్చి ఒక్కొక్కటే విప్పాడు. హెడ్డు ఎత్తి చూస్తే నీళ్ళు తిరిగే దారులు తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి. ఒక రంధ్రంలోకి సైకిలు పుల్ల కూడా దూరలేదు. చల్లదనం అందక పిస్టన్ సిలిండర్‌కి కరుచుకుపోయింది. సిలిండర్ గోడ చెదలు తిన్న తలుపులా ఉంది.

"గిదేంది తమ్మీ, సంద్రాన్నంత లోపల దాసిపెట్టినవ్! మీ దిక్కు నీళ్ళ కరువా ఏంది?" అన్నాడు వెల్డింగ్ అన్న.

"రోజూ కడుగుతానండీ. ఆదివారం ఒక్కటే కడగను."

"ఆదివారం ఏమైతది?"

"ఆ రోజు పని చెయ్యకూడదండీ. మా అన్నయ్య చర్చి సంఘంలో పెద్ద. ఆయనే చెప్పాడు."

వెల్డింగ్ అన్న నా వంక చూసి పకపకా నవ్వాడు. "మంచిగ చెప్పినవ్ పో అన్నా! మరి గా ముచ్చట ఉప్పుకు జెప్పిన్రా లేదా?"

తమ్ముడు కూడా నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు.

ఆ ఇంజను మూడేళ్ళ కిందట మా సంఘమే వాడికి కొనిపెట్టింది. మేమంతా ఒడ్డుకు వెళ్ళి, దాన్ని ఇసకమీద నిలబెట్టి, నూనె రాసి ప్రతిష్ఠించాం. ప్రభువు దినమైన ఆదివారం ఈ ఇంజను వేటకు పోదని మా పాస్టరు అయ్యగారు ప్రార్థనలోనే మాట తీసుకున్నారు. ఆ వారమే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, శనివారం వేటకెళ్తే ఆదివారం పొద్దున్నే దిగుతాం. దిగాక ఇంజను కడుక్కుని గుడికెళ్ళొచ్చా?"

నన్ను సంఘపెద్దగా నిలబెట్టి అప్పటికి నెల కూడా కాలేదు. అయ్యగారిని అడిగితే కడుక్కోమనేవారేమో. నేను అడగలేదు. ఆయనకంటే గట్టివాణ్ణి అనిపించుకోవాలనుకున్నాను. "కడగడమూ పనేరా. సోమవారం కడుగు. దేవుడి కోసం ఆపినదాన్ని దేవుడే కాస్తాడు" అన్నాను. గుంటలో పడ్డ పశువును విశ్రాంతి దినాన పైకి లాగడం తప్పు కాదని సండేస్కూల్లో ఏళ్ళ తరబడి నేర్పిన నోటితోనే ఆ మాట అన్నాను. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం వాడు ఇంజనును ఉప్పుతోనే వదిలేసి గుడికి వెళ్ళాడు.

నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టాను. ఆదివారం తమ్ముణ్ణి ఆరాధనకు తీసుకెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా హాలు. రెండో పాటలో కరెంటు పోయింది. నేను అలవాటుగా లేచి, మెట్లు దిగి, వెనక సందులో ఉన్న జనరేటర్ దగ్గరికి వెళ్ళాను. పెట్రోలు తక్కువుంటే పోసి, ప్లగ్గు విప్పి గీకి మళ్ళీ బిగించాను. తల ఎత్తితే తమ్ముడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఆదివారం కదన్నయ్యా."

"ఇది దేవుడి పరిచర్యరా."

"పోనీలే. మరి నాది?"

తాడు లాగాను. వాడు ఇంకేమైనా అన్నాడేమో, జనరేటర్ మోతలో వినపడలేదు. పైన మైకు పలికి పాట మళ్ళీ మొదలైంది. వాడు నా భుజం మీది గుడ్డ తీసుకుని, ట్యాంకు మీద ఒలికిన పెట్రోలు తుడిచి, గుడ్డ మడిచి నా చేతిలో పెట్టి పైకి వెళ్ళిపోయాడు.

ఆరాధన అయ్యాక అయ్యగారికి అంతా చెప్పాను. వచ్చే వారం సంఘం ముందు నిలబడి నా తప్పు ఒప్పుకుంటానన్నాను.

"సాక్ష్యం విన్నవాళ్ళకు క్షేమం కలగాలి బ్రదర్. ఇది వింటే విశ్వాసంలో బలహీనులు తొట్రుపడతారు. మనం తమ్ముడి కోసం ప్రార్థన చేద్దాం" అన్నారాయన.

వాడి తల మీద చేతులుంచి పది నిమిషాలు ప్రార్థించారు. ఇంజను కడగడానికి పట్టేదీ అంతే.

సిలిండర్ పనికిరాలేదు. ఆ మోడలుకు కొత్తది దొరకలేదు. తమ్ముడు సోమవారం ఉత్తచేతులతో బస్సెక్కాడు. ఇంజను నా షాపులో గోడవారన పట్టా కప్పుకుని ఉంది. పెద్దరికం నేను ఆ నెలే వదిలేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నా దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన ఉప్పుకు ఇచ్చిన గుణం ఆయన ఎక్కడా దాచలేదు. తెలిసీ దాచింది నేను. కరెంటు పోతే జనరేటర్ మాత్రం ఇప్పటికీ నేనే వేస్తున్నాను.

తమ్ముడిప్పుడు వేరేవాళ్ళ పడవలో కూలికి వెళ్తున్నాడు. ఆదివారం ఆరాధనకు బయల్దేరే ముందు నేనే ఫోన్ చేస్తాను.

"దిగారా?"

"దిగాం. కడుగుతున్నా."

"ధార బాగా పడుతోందా?"

వాడు ఫోన్ ఇంజను దగ్గర పెడతాడు. డ్రమ్ములో నీళ్ళ చప్పుడు వింటాను. గుడికి వెళ్తున్నావా అని అడగడానికి నాకు నోరు రాదు. ఇదివరకు ఎప్పుడు మాట్లాడినా "నా కోసం ప్రార్థన చెయ్యన్నయ్యా" అని చెప్పి గానీ ఫోన్ పెట్టేసేవాడు కాదు. ఇప్పుడు "ఉంటా" అంటాడు.