మా సింధు చిన్నతనం అడిగితే

మొన్న నారాయణగూడలో ఒక సందులో, మేడ మీద గదిలో కూర్చున్నప్పుడు, చేతిలో ఏదైనా ఉంటే మనసు కుదుటపడేవాళ్ల కోసమని అక్కడ పెట్టిన బుట్టలోంచి అరచేతిలో పట్టేంత గోనెగుడ్డ సంచి ఒకటి తీసుకున్నాను. లోపల ఏవో గింజలు పోసి కుట్టారు. కొత్త గోనె వాసన ముక్కుకు తగిలిందో లేదో, ఆ గది, ఆ ఫ్యాను, పక్క కుర్చీలో కాలు ఊపుతూ కూర్చున్న మా బిడ్డ సింధు అన్నీ ఎటో పోయి, మా నాయనమ్మ సీతాఫలాల గంప మీద కప్పే గోనె వచ్చి కళ్ల ముందు నిలబడింది. వచ్చిన పని ఒకటి, నా మనసు పోయిన దారి ఇంకొకటి. నాకు ఎప్పుడూ ఇంతే.

వచ్చిన పని చెబుతాను. సింధు డిగ్రీ అయిపోయి సర్కారు ఉద్యోగాల పరీక్షల కోసం అశోక్ నగర్‌లో రీడింగ్ రూముకు పోతుంది. అక్కడ కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో పెన్ను టకటక నొక్కే చప్పుడు, నెత్తి మీద ట్యూబులైటు గుయ్యిమనడం భరించలేక మధ్యాహ్నానికే ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. ఒకరోజు ఒకే పేజీ పొద్దంతా చదువుతుంది. ఇంకొక రోజు పరీక్షలో లేనిదేదో పట్టుకుని అన్నం కూడా మరిచిపోతుంది. తనను తాను మొద్దు, సోమరి అని తిట్టుకుంటుంది. అట్లా తిట్టుకుని తిట్టుకుని, ఫోన్లో ఏవేవో చదివి, చివరికి తనకున్నది ఏడీహెచ్‌డీనో ఆటిజమో రెండూనో తేల్చుకుంటానని కూర్చుంది. చిక్కడపల్లి ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే వాళ్ల నాయిన, పెండ్లి కావాల్సిన పిల్లకు గీ పేర్లెందుకు అన్నాడు.

"పేరు లేకనే గద నాయినా, ఇన్నేండ్ల సంది నన్ను నేను తిట్టుకుంటున్న," అంది సింధు.

పెద్దవాళ్లలో ఇవి ఉన్నాయో లేదో చూసేటప్పుడు వాళ్ల చిన్నతనం చూసినవాళ్లు ఒకరు వచ్చి చెప్పాలట. అందుకని నన్ను తీసుకుపోయింది. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, ఒక డబ్బాలో సకినాలు పెట్టుకుని పోయాను. అక్కడ ఇవన్నీ అడిగి తేల్చే మేడమ్ మా బిడ్డ కన్నా నాలుగేళ్లు పెద్దదేమో, కోస్తా వైపు మాట. లైటు తగ్గించమంటారా, కుర్చీలో ఇబ్బందిగా ఉంటే కింద కూర్చుంటారా అని ముందుగానే అడిగింది. డాక్టర్ల దగ్గర ఇట్లా అడగడం నేనెన్నడూ చూడలేదు. సింధు చిన్నప్పుడు ఎలా ఉండేదమ్మా అని ఆమె అడగగానే, నాకు తెలియకుండానే నడుం నిటారుగా అయింది. మా పిల్ల బంగారం అన్నాను. ఒకరి జోలికి పోదు, ఎదురు మాట్లాడదు, ఏ లోపమూ లేదు, ఏది పెడితే అది తింటుంది, వంట కూడా వచ్చు అన్నాను. ఇంకా చెబుతుండగా సింధు నా మోచేయి పట్టుకుంది.

"అమ్మా, గిది పెండ్లిచూపులు గాదే. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

మేడమ్ నవ్వలేదు. "ఇందులో తప్పులు పట్టేదేం లేదమ్మా. తనకేది ఇష్టం, ఏది కష్టం, ఎలా ఉంటే హాయిగా ఉండేది, అవి చెప్పండి చాలు," అంది. పిల్లల గురించి పరాయివాళ్లు అడిగితే మంచి తప్ప ఇంకేదీ చెప్పకూడదని మా వాళ్లలో అలవాటు. హాయిగా ఎట్లా ఉండేది అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. మళ్లీ మొదలుపెట్టాను. మొదలుపెట్టింది సింధు గురించే. వచ్చినవి మాత్రం నా చిన్నతనం సంగతులు.

మాది పాలమూరు దిక్కు. మా అమ్మా నాయిన మేస్త్రీ పనులకు పట్నం వచ్చి కవాడిగూడ బస్తీలో వరుస గదుల్లో ఒకటి కిరాయికి తీసుకున్నారు. పొద్దున్నే సద్ది కట్టుకుని వాళ్లు కట్టడాల మీదికి పోతే, ఇంట్లో నేనూ నాయనమ్మా. కింద షాబాద్ బండలు. ఎండాకాలం మధ్యాహ్నం బయట అందరూ చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుతుంటే నేను చెంప బండకు ఆనించి పడుకుని ఆ చల్లదనం ఒక చెంపలో అయిపోగానే రెండో చెంప మార్చేదాన్ని. ఆటకు పిలిస్తే పోయేదాన్ని కానీ, నా వంతు వచ్చేదాకా ఆగడం నా వల్ల కాకపోయేది, ఆగలేక గింజలు లాక్కునేదాన్ని, పిల్లలు నన్ను వెళ్లగొట్టేవాళ్లు. వెళ్లగొడితే ఏడ్చేదాన్ని కాదు. ఒక మూలకు కూర్చుని ఆ గింజల్లో నల్లనివి ఒక దిక్కు, ఎర్రనివి ఒక దిక్కు, నడుమ రంగువి ఒక దిక్కు పేర్చుకుంటుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. తొలకరి వాన బండ మీద పడిన వాసనకు మాత్రం ఎక్కడున్నా లేచి ఉరికేదాన్ని, తడిసేదాన్ని, తడిసిన గౌను ఒంటికి అంటుకునేసరికి ఒళ్లంతా చీమలు పాకినట్టయి అక్కడే విప్పి పారేసేదాన్ని. అమ్మ సిగ్గుతో తల కొట్టుకునేది.

తిండి దగ్గరా అంతే. జొన్నరొట్టె ఒట్టిదే తినేదాన్ని. పచ్చిపులుసు దానికి తగిలితే లేచిపోయేదాన్ని. బెండకాయ జిగురు చూస్తేనే కంచం అవతలికి తోసేదాన్ని. అమ్మ కొట్టబోతే నాయనమ్మ అడ్డం వచ్చి, పులుసు వేరే గిన్నెలో పోసి రొట్టెకు దూరంగా పెట్టేది. మా నాయనమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బస్తీలో ఎవరన్నా వచ్చి నీ మనుమరాలికి గాలి సోకిందా, తాయెత్తు కట్టించరాదా అంటే, వక్కాకు నములుతూ ఒకటే మాట అనేది.

"దాని తీరు గంతే. గట్లనే ఉండనియ్యుండ్రి."

బతుకమ్మ పండుగకు ముందు తంగేడు, గునుగు, బంతి వచ్చి ఇంట్లో కుప్పలుగా పడేవి. గునుగుపూలను రంగు నీళ్లలో ముంచి గోడకు ఆరబెట్టడం, ఆకు మీద వరుస వెనక వరుస పేర్చడం నాకే వదిలేసేవాళ్లు. ఒక్క పూవు వంకర పోయినా ఆ వరుసంతా తీసి మళ్లీ పెట్టేదాన్ని. తీరా సాయంత్రం ఆడవాళ్లంతా చుట్టూ చేరి చప్పట్లు మొదలుపెట్టగానే, ఆ చప్పట్లు, ఆ పాటలు, మైకు అరుపులు అన్నీ నెత్తిలోనే మోగుతున్నట్టయి ఇంట్లోకి పారిపోయేదాన్ని. పేర్చిందీ నేనే, ఆడనిదీ నేనే. నువ్వుల సద్ది, పెరుగు సద్ది, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్ద నాయనమ్మ కొంగులో కట్టుకుని తెచ్చి, చీకట్లో కూర్చున్న నా చేతిలో పెట్టి, ఏమీ అడగకుండా పక్కన కూర్చునేది.

ఆ పండుగ దాటగానే సీతాఫలాల కాలం. ఊరి నుంచి గంపలు వచ్చేవి. నాయనమ్మ నారాయణగూడ చౌరస్తా దగ్గర గోనె పరుచుకుని అమ్మేది, నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేది. కాయ మీది కళ్ల మధ్య గీతలు తెల్లబడి విచ్చుకున్నవి రేపటికి, ఇంకా ముడుచుకునే ఉన్నవి ఎల్లుండికి. వేలితో తడిమి గడ్డిలో వేరువేరుగా పెట్టడం నా పని. మోటార్ల చప్పుడు మరీ ఎక్కువైతే నాయనమ్మ ఖాళీ గోనెసంచి నా తల మీద కప్పేది. దాని కింద మసక చీకటి, గోనె పీచు వాసన, పండుతున్న కాయల తీపి వాసన, కాళ్ల సందులోంచి కనిపించే చెప్పులు. ఆ కింద కూర్చుని ఎవరు ఏమన్నారో అంతా వినేదాన్ని. చిక్కడపల్లి నుంచి వచ్చే కోస్తా అమ్మలు వారం తర్వాత మళ్లీ వస్తే, పోయినసారి మీ చిన్నబాబుకు జ్వరమన్నారు తగ్గిందా అని సంచి కిందనుంచే అడిగేదాన్ని. వాళ్లు ఉలిక్కిపడి, నాయనమ్మతో పాటు నవ్వేవాళ్లు.

బడి మాత్రం నిలవలేదు. రేకుల కప్పు కింద పిల్లలందరూ ఒక్కసారి ఎక్కాలు అరిస్తే బల్ల కిందికి దూరేదాన్ని. పంతులమ్మ బయటికి లాగి నిలబెట్టేది. నిలబెడితే ఇంటికి నడిచి వచ్చేసేదాన్ని. కొన్నాళ్లకు, నాయనమ్మ వద్దంటున్నా వినకుండా, అమ్మ పంపడం మానేసింది. ఆ పైన నాలుగక్షరాలు వచ్చాయంటే నాయనమ్మ వెంట నడుస్తూ దుకాణాల బోర్డులు చదువుకోవడం వల్లనే.

ఇదంతా మేడమ్ ఆపకుండా విన్నది. విని, సింధుకు బట్టలతో ఇబ్బంది ఉండేదా అని అడిగింది. లేదన్నాను. తిండితో? లేదు. చప్పుళ్లతో? మా ఇంట్లో చప్పుడెక్కడిది అన్నాను. పిల్లలందరూ అంతే కదా, నేనూ అంతే కదా అని కూడా అన్నాను. అప్పుడు సింధు నా దిక్కు తిరిగింది.

"నాకెందుకు ఇబ్బందైతదే? గౌను కొనంగనే మెడకాడి చీటీ నువ్వే కత్తిరిస్తుంటివి. కూర వేరే గిన్నెల పెడుతుంటివి. చుట్టాలొస్తే నన్ను వెనక గదిల కూసోబెడుతుంటివి. నేను అడగకముందే అన్నీ చేస్తుంటివి గదనే."

చేశాను, నిజమే. పిల్లలకు అట్లాగే చెయ్యాలనుకున్నాను. దాని చిన్నతనం చూసినదాన్నని నన్ను పిలిచారు, తీరా అడిగితే నేను చూసిందేమిటో నాకే తెలియలేదు. మేడమ్ మాత్రం, మీరు చెప్పాల్సిందంతా చెప్పారమ్మా అంది.

ఇంకా రెండు మూడుసార్లు పిలిచి సింధుతో మాట్లాడాక, రెండూ ఉన్నాయని చెప్పింది. ఇది చెడిపోవడం కాదు, ఈ అమ్మాయి తల పనిచేసే తీరు వేరు, ఆ తీరుకు తగ్గట్టు చదువునూ రోజువారీ పనులనూ అమర్చుకుందాం, కావాలంటే మందు సంగతి డాక్టరుతో మాట్లాడుకోవచ్చు అంది. సింధు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నేను ఏడవాలో నవ్వాలో తెలియక దాని వీపు మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక వాళ్ల నాయిన మేడమ్ ఏమన్నదని అడిగితే, దాని తీరు వేరన్నది అన్నాను. అది మనకు ఎరుకనే గద అన్నాడు. ఎరుకే. కానీ మాకు ఎరుకైనా ఇన్నేళ్లు సింధు తనను తాను తిట్టుకుంటూనే ఉంది కదా. నన్ను బడి నుంచి తప్పించినప్పుడు నాయనమ్మ మాట ఎవరూ వినలేదు కదా. మరి ఏది మేలు, పేరు ఉండడమా లేకపోవడమా? ఒకపూట ఒకటి అనిపిస్తుంది, ఇంకో పూట ఇంకొకటి.

అప్పటినుంచి నాకు ఒకటే గుబులు. దానికి ఆ పేరైతే మరి నాకే పేరు? ఈ వయసులో తెలిసి ఏం చేసుకుంటాను? తెలియకపోతే మాత్రం ఇంత సేపు ఎందుకు ఆలోచిస్తున్నాను? ఒకరోజు ఊరికే కవాడిగూడ దాకా నడిచాను. వరుస గదులు లేవు. ఆ చోట అపార్ట్‌మెంటు, కింద బండ్లు పెట్టుకునే చోటు, గేటు దగ్గర ఎవరో వాచ్‌మన్. షాబాద్ బండలు లేవు, గోడకు ఆరే గునుగుపూలు లేవు, నాతో అష్టాచెమ్మా ఆడి నన్ను వెళ్లగొట్టిన పిల్లలు ఏ బస్తీలో ఉన్నారో తెలియదు. అమ్మ పోయింది, నాయిన పోయాడు, నాయనమ్మ ఎప్పుడో పోయింది.

ఇంటికొచ్చి సింధుతో అన్నాను, నేనూ చూపించుకుందామంటే నా చిన్నతనం చూసినోళ్లు ఒక్కరు లేరు బిడ్డా, ఆ మేడమ్ దగ్గరికి ఎవరిని తోలుకపోవాలె అని.

అది పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "నేనొస్త. పుట్టినప్పటి సంది నీ ముచ్చట్లు వింటనే ఉన్న. మొత్తం నాకు నోటికొచ్చు," అంది.

విన్నవాళ్ల మాట చూసినవాళ్ల మాట కింద చెల్లుతుందో లేదో నాకు తెలియదు. అడగాలి.