మా తాతగారి వీణా, నేను చొప్పించిన రాకుమారీ

మా ముత్తాత జమీలో దివాను. ఆయన వస్తున్నాడంటే ఎడ్లబళ్లు వీధి వారకు ఒదిగేవి. మా తాత దివాను కాలేదు గానీ వీణ వాయించేవాడు. దగ్గొచ్చినవాళ్లు వీధిలోకి పోయి దగ్గి వచ్చేవారు. మా నాన్న ఏమీ చేయలేదు, నిటారుగా కూర్చునేవాడు. నాకు దక్కింది ఆ నిటారు వెన్నొక్కటే. దానితో నిక్షేపంలాంటి సినిమాను ఎలా ముంచానో చెబుతాను, వినండి.

కొన్నేళ్ల కిందట రామతీర్థం కొండ దగ్గర షూటింగుకని ఒక డైరెక్టరు వచ్చాడు. ఒకే పనస మొద్దులో చెక్కిన పాత వీణ కావాలని వెతుక్కుంటూ మా ఇంటికి చేరాడు. తాతగారు పోయాక ఆ వీణ గడప దాటలేదు. ఒక్కసారైనా ఊరంతా దాన్ని వినాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

అతను కథ చెప్పాడు. ఒక రాక్షసుడు లోకంలోని చప్పుళ్లన్నీ మూటగట్టి ఎత్తుకుపోతాడు. కోడి నోరు తెరుస్తుంది, కూత రాదు. కెరటం విరుగుతుంది, హోరుండదు. చివరికి ఒక ముసలి చేపలమ్మి పాడుబడిన గుళ్లో వీణ మీటుతుంది. చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే తిరిగొస్తాయి.

నాకు ఒళ్లు జలదరించింది. నోరు మాత్రం వేరే మాట అంది.

"మా తాతగారి వీణ చేపలమ్మి చేతిలోనా?"

"కథకు ప్రాణమే అది సార్."

"మా వంశానికి ప్రాణం పరువు. రాకుమారిని పెట్టండి."

"అక్కడికి రాకుమారి ఎలా వస్తుంది సార్?"

"పల్లకీలో వస్తుంది! పేర్లలో మా మూడు తరాలూ పడాలి. కథా సహకారం నాది అని కూడా వేయండి."

పాపం, వీణ కోసం తలూపాడు. రాకుమారి వచ్చాక ఆమెను ప్రేమించేవాడు రావాలి కదా. ప్రేమించినవాడు పాడకుండా ఊరుకుంటాడా?

విజయనగరంలో మొదటి ఆటకు మా వీధినంతా వెంటబెట్టుకుని వెళ్లాను. పక్క సీట్లో మా మేనత్త కొడుకు సత్యం బావ. సాలూరులో లారీలు తిప్పుతాడు. గొంతు కూడా లారీ హారనే. తెర మీద మా పేర్లు పడగానే నేను లేచి జనానికి నమస్కారం పెట్టాను.

"కూకోండి బాబూ, బొమ్మ కనబడ్డం లేదు!" అని వెనకనుంచి కేక.

రాక్షసుడు చప్పుళ్లు ఎత్తుకుపోయాడు. హాల్లో పాప్‌కార్న్ నమలడం కూడా ఆగిపోయింది. ఆహా, ఏం నిశ్శబ్దం! ఇంతలో పల్లకీ దిగిన రాకుమారి మా వీణ ఒళ్లో పెట్టుకుంది. రాకుమారుడు గుర్రం దిగాడు. వెనకాల డప్పులు, బాకాలు, బారులు తీరిన ఆటగత్తెలు. డ్యూయెట్టు! ఆ మోతలో వీణ వినిపిస్తే ఒట్టు.

సత్యం బావ నా చెవిలో రహస్యంగా అడిగాడు. హాలంతా వింది.

"బావా, సప్పుళ్లన్నీ ఆడెత్తుకుపోనాడు గదేటి?"

"ఊఁ."

"మరి ఈళ్లెలాగ పాడతన్నారు?"

"ప్రేమ, బావా."

"ప్రేమైతే సైగలు సేసుకోవాల గానీ, ఆ బాకాలేటి?"

హాలు ఘొల్లుమంది. తర్వాతి డ్యూయెట్లకు జనమే అందుకున్నారు: "సప్పుడు సెయ్యకండర్రా, సప్పుళ్లు పోనాయి!" అసలు చేపలమ్మి ఒకే ఒక్కసారి కనిపించి, రాకుమారికి గుడికి దారి చూపించి వెళ్లిపోయింది.

"ఈ రాకుమారినెవులు తగిలించారే?" అని వెనక వరసలో ఒకామె విసుక్కుంది.

"ఇదిగో, మా బావే! దివానుగారి మునిమనవడు!" అని సత్యం బావ నా భుజం చరిచి మరీ చూపించాడు.

చివర్లో వీణ ఒంటరిగా మోగింది. కోడి కూసింది, కెరటం హోరెత్తింది. అప్పటికి చాలామంది బయట బజ్జీలు తింటున్నారు. నేను మాత్రం వెన్ను నిటారుగా పెట్టుకుని ఆఖరిదాకా విన్నాను. పక్కన సత్యం బావ కూడా కదల్లేదు.

"ఆ ముసిల్దే వాయించుంటే, బావా," అన్నాడు, ఈసారి నిజంగానే మెల్లగా, "నానేడిసేద్దును."

కనుక మా ముత్తాతగారి దివాన్‌గిరీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: రాక్షసుడే వచ్చి కాళ్లు పట్టుకున్నా సరే, ఇక ఎవరి కథలోనూ రాకుమారిని దింపను.

అయినా ఇక నన్నెవరొచ్చి అడుగుతారు? వీణను నిరుడు అమ్మేశాం, పెట్టెతో సహా.