ఐర్లండ్ మోకాలు, తెనాలి బేరం

ఆ రోజుల్లో దోహా మొత్తంలో నా అంత గొప్ప బేరగాడు లేడు. ఊరికే ఇచ్చేసే మనిషి చేత "అమ్మను" అనిపించడం అందరివల్లా అయ్యే పనా? నేను పది నిమిషాల్లో అనిపించాను. తెనాలిలో మా నాన్న బట్టల కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి మరి. అవసరం బయటపెడితే ధర పెరుగుతుందన్నది అక్కడ నేర్చిన మొదటి పాఠం.

అవసరం నాది కాదు, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో నా గదిలో ఉండే రాయచోటి అన్న అవసరం. ఆయన ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. బ్రేకు తొక్కే కాలి మోకాలు పట్టేసింది. డాక్టరు రోజూ ఉన్నచోటే తొక్కే వ్యాయామ సైకిలు తొక్కమన్నాడు. నెలాఖరుకి కాలు లొంగకపోతే ఊరికి పంపించేస్తానని యజమాని తేల్చేశాడు. అప్పుడే కిరాణా కొట్టు గోడ మీద చీటీ చూశాను: దేశం వదిలి వెళ్తున్న ఒక ఐర్లండ్ ఫుట్‌బాల్ కోచ్ సామాన్లు అమ్ముతున్నాడు, అందులో అలాంటి సైకిలూ ఉంది.

అల్ ముంతజాలో అతని ఇంటి కింద అన్నను కారులోనే కూర్చోబెట్టాను. "నువ్వు కుంటుతూ వస్తే ధర పెరుగుద్ది అన్నా."

"నీ పుణ్యం అబ్బీ, యల్లా, తొందరగా తెగ్గొట్టుకొని రా."

పైన ఒక భారీ మనిషి, నిక్కరు కింద కుట్లు పడ్డ మోకాలు. గోడ మీద ఎర్రజుట్టు కుర్రాడి ఫొటో. అతనేనట. బేరానికి వచ్చినవాడు కథలు అడగకూడదు, కానీ నాకు కుతూహలం ఆగదు. పదహారేళ్లకే ఓడెక్కి ఇంగ్లండు వెళ్లాడట. ఆడింది టీవీలో కనపడే జట్లలో కాదు. వాన, బురద, బస్సు ప్రయాణాలు.

"ఎన్ని గోల్స్ కొట్టారు సార్?"

"మూడు. అందులో ఒకటి మా గోల్‌లోనే," అని నవ్వాడు. "కొట్టడం కాదు, కొట్టనివ్వకపోవడం నా పని." (మా నాన్న కూడా కొట్లో అంతే, అప్పు అడగనిచ్చేవాడు కాదు.)

ఇక పనిలో పడ్డాను. సీటు చిరిగింది, పెడలు కిర్రుమంటోంది అన్నాను. చివరికి, "మాకు బట్టలు ఆరేసుకోవడానికేలెండి," అని పెదవి విరిచాను.

అతని నవ్వు ఆగిపోయింది. "ఆపరేషన్ తర్వాత నా ఆట అయిపోయిందన్నారు. దీని మీద ఏడ్చుకుంటూ తొక్కి, ఇంకో రెండేళ్లు ఆడాను. బట్టలకైతే అమ్మను."

కింద కారులో అన్న ఎదురుచూస్తున్నాడు. కొట్టు పరువు పక్కనపెట్టి మోకాలి సంగతి చెప్పేశాను. అతను నా మాట పూర్తికాకముందే చెప్పులేసుకుని మెట్లు దిగి, కారు తలుపు తీసి, నేల మీద మోకరించి అన్న కాలు పట్టుకున్నాడు.

అన్న హడలిపోయాడు. "ఏమబ్బీ, కాళ్లు పట్టుకునేంతగా తగ్గించినావా ధర? పాపం రా!"

కోచ్ ఆ మోకాలిని మెల్లగా వంచుతూ, ఎక్కడ నొప్పో అన్న మొహంలోనే చదువుకున్నాడు. సీటు ఎంత ఎత్తులో పెట్టాలో చూపించాడు. డబ్బు మాట ఎత్తితే, "తొక్కమను," అన్నాడు, అంతే. అన్న తొక్కాడు, తిట్టుకుంటూ తొక్కాడు, డ్యూటీకి వెళ్లాడు. ఇంకా చాలా ఏళ్లు బండి నడిపి, తనంతట తనే ఊరికి వెళ్లిపోయాడు.

సైకిలు నాకు మిగిలింది. ఇప్పుడు పొట్ట తగ్గించమని డాక్టరు నాకూ తొక్కమన్నాడు.

నిజాయితీగా లెక్క చెబుతాను. సైకిలుకు సున్నా. దాన్ని గదికి చేర్చిన పికప్ బండివాడికి యాభై రియాళ్లు, జీవితంలో మొదటిసారి బేరమాడకుండా ఇచ్చాను. ఇక నేను తొక్కింది కూడా సున్నా. ఈ ఉదయమే దాని మీద రెండు చొక్కాలు, ఒక లుంగీ ఆరేశాను.