మూడోసారి చదవని కాగితం

బుధవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుండగా ఉర్దూ సార్ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అబ్బా పోయిండు. నమాజ్‌కు లేచి గట్లనే కూలబడ్డడు" అన్నాడు. నా నోట్లోంచి ముందుగా వచ్చిన మాట "మరి కాగితం?" అని. ఆ మాటకు ఇంకా సిగ్గుపడుతూనే ఉన్నాను.

శంషాబాద్‌లో నాది జిరాక్సు, ఇంటర్నెట్ షాపు. సార్ సర్కారు బడిలో ఉర్దూ చెప్పి రిటైరయ్యారు. పాత పహాణీలనే భూమి లెక్కలు, చావుపుట్టుకల రిజిస్టర్ల స్కాన్లు ఇప్పుడు నెట్‌లో కొన్ని దొరుకుతున్నాయి గానీ, ఉర్దూ గొలుసు రాత చదివేవాళ్లే కరువయ్యారు. ఎయిర్‌పోర్టుకు పొలాలు పోయి చెల్లాచెదురైనవాళ్లు తాతముత్తాతల పేర్లు వెతుక్కుంటూ మా షాపుకు వచ్చేవారు. నేను తెర మీద పేజీ తెరిస్తే సార్ చదివేవారు. నేను తెలుగులో రాసుకునేదాన్ని.

ఆయన పద్ధతి ఆయనది. ఒకే పేజీ మూడుసార్లు చదవనిదే సంతకం పెట్టరు. మొదటిరోజు మౌనంగా, రెండోరోజు పైకి, మూడోరోజు నేను రాసింది పక్కన పెట్టుకుని. ఒకసారి బాలాపూర్ నుంచి వచ్చినాయన తొందరపెడితే, "చచ్చినోళ్లకు తొందర లేదు బాపూ, నీకెందుకు?" అని నవ్వి ఇంకో చాయ్ చెప్పించారు. చక్కెర వద్దంటూనే నా కప్పులోది సగం తన కప్పులోకి ఒంపుకునేవారు.

నెట్‌లో వెతకడం నాకు వచ్చనుకునేదాన్ని. సార్ దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. "పేరుతోని ఎతకకు బిడ్డా, ఊరితోని ఎతుకు. దొరికిన పేజీకి ముందుదీ ఎనకదీ చూడు. ఇంట్ల ముసలోళ్లను అడిగినంకనే మిషన్‌ను అడుగు" అనేవారు. ఇంకొకటి కూడా పదేపదే చెప్పేవారు. "బతికున్నోళ్ల పేర్లు నెట్‌ల పెట్టకు." నేను చెవిన పెడితేగా.

మా ఇళ్లలో చనిపోయినవాళ్ల పేరు తర్వాత పుట్టినవాళ్లకు పెట్టుకుంటారు. మా తాత పోచయ్యకు మల్లయ్య అనే అన్న ఉండేవాడు. ఆయన పిల్లలు లేకుండానే పోయాడు. ఆయన పేరే మా చిన్నాయనకు పెట్టారు. నేను మా వంశవృక్షాన్ని ఒక వెబ్‌సైటులో ఎక్కించే ఉత్సాహంలో, పెద్దతాత మల్లయ్య చావు నమోదును చిన్నాయన మల్లయ్యకు తగిలించాను. ఆయనకూ సంతానం లేదు కాబట్టి నా కంటికి అంతా సరిగ్గానే కనిపించింది. బతికున్న మనిషిని నా చేతులతోనే చంపి, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను.

మూడు నెలల తర్వాత ఇద్దరు మనుషులు ఆ వంశవృక్షం ప్రింటు పట్టుకుని చిన్నాయన ఇంటికి వచ్చారు. సర్వీసు రోడ్డు పక్కన ఆయనకు మిగిలింది ఇరవై గుంటలు, అంటే అరెకరం. పట్టాదారు మల్లయ్య ఎప్పుడో పోయాడట, ఎవరో దూరపు వారసుల దగ్గర వాళ్లు కొన్నారట.

"నేనే మల్లయ్యను గదా" అన్నాడు చిన్నాయన.

"నువ్వు వేరే మల్లయ్యవు తాతా" అన్నాడు వాళ్లలో ఒకడు, ఎంతో మర్యాదగా.

సార్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ప్రింటు చూసి, "ఈ చెట్టు ఇంకెవరెవరి దగ్గరున్నది?" అని మాత్రం అడిగారు. నేను అప్పటికే తీసేశానన్నాను. వెతికితే, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల మూడు చెట్లలోకి అది పాకి ఉంది. మూడింటిలోనూ చిన్నాయన చనిపోయే ఉన్నాడు.

సోమవారం సార్ అసలు రిజిస్టరు పేజీ చదివారు. మంగళవారం పైకి చదివారు. "మల్లయ్య, వల్ద్ నర్సయ్య." అంటే నర్సయ్య కొడుకు, మా పెద్దతాత. పట్టాలో ఉన్నది పోచయ్య కొడుకు మల్లయ్య. "పేరు ఎవనికన్న ఉంటది. తండ్రిని చూడాలె" అన్నారు. నేను రాసిన కాగితం జాగ్రత్తగా మడిచి నాకే ఇచ్చారు. "రేపు మూడోసారి చదివి దస్తఖత్ పెడ్త. తహసీల్ ఆఫీసుల అడిగితే నేనే వచ్చి చెప్త."

ఆ సాయంత్రం జిరాక్సు కోసమని వచ్చినవాడు ఒకడు, "ఉర్దూ సార్ రోజూ ఏ టైంకు వస్తడక్కా?" అని అడిగాడు. నేను చెప్పాను.

సార్‌ది గుండెపోటే. డాక్టరు చెప్పాడు, కొడుకూ చెప్పాడు. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన్ను ఖననానికి తీసుకెళ్లాక ఆడవాళ్లతో పాటు నేను గల్లీలో నిలబడి ఉంటే, అదే మనిషి పక్కకు వచ్చాడు. "మంచి మనిషి, పాపం" అన్నాడు. ఇంకా దగ్గరికి జరిగి, "దస్తఖత్ అయ్యిందా అక్కా?" అని మెల్లగా అడిగాడు.

ఆరాంఘర్ దాకా తిరిగాను. అచ్చు ఉర్దూ చదివేవాళ్లు దొరికారు, ఆ గొలుసు రాత చదివేవాళ్లు ఒక్కాయన తప్ప దొరకలేదు. ఆయనా సగం చదివి, ఇది ఎవరి భూమి సంగతో తెలిశాక కళ్లజోడు తీసేశాడు. వచ్చే మంగళవారం ఆఫీసులో పిలుపు ఉంది. నా అక్షరాల కింద సంతకం చోటు ఖాళీగానే ఉంది. సార్ ఉండగా ఆయన నిదానానికి లోపల్లోపల విసుక్కున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆయన ఇంకొక్క రోజు ఉంటే చాలుననిపిస్తోంది. నన్ను క్షమించండి సార్.

చిన్నాయన మాత్రం పొద్దున్నే అన్నం కట్టుకుని పోయి ఆ ఇరవై గుంటల నడుమ నిలబడుతున్నాడు. నిన్న వెళ్లి, "ఇంత ఎండల ఎందుకు, ఇంటికి పోదాం పా" అన్నాను.

"నలుగురు చూడాలె గద బిడ్డా, నేనున్ననని."

రోడ్డు మీద తెల్ల కారు ఒకటి ఆగి ఉంది. అద్దం దించి ఎవరో పొలాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తున్నారు. చిన్నాయన తువాలు తీసి, తాను బాగా కనబడేలా తలపైకి ఎత్తి ఊపాడు. ఫొటో తీసే మనిషి చేత్తో సైగ చేశాడు, అడ్డు తప్పుకోమని.