జిల్లేడు పాలు పడ్డ చేతులు

ఆ చలికాలం వానలు బాగా పడ్డాయి. వాన పడ్డ కొన్నాళ్ళకు ఖతర్ ఎడారిలో ఇసుక కింద ఫగా పుడుతుంది. పుట్టగొడుగు జాతిదే కానీ చూడ్డానికి చిన్న ఉర్లగడ్డలా ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ నడవడం అక్కడివాళ్ళకు పెద్ద సరదా. నేను పనిచేసే ఇంటివాళ్ళు కూడా ఒక శుక్రవారం పొద్దున్నే రెండు బళ్ళలో బయలుదేరారు. బాబా, మామా, బాబా వాళ్ళ ముసలి తల్లి, పిల్లలు, వంటసామాను, నేను. ఇంటి యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవడం మా పనివాళ్ళందరికీ అలవాటు.

వాళ్ళ ఇల్లు అల్ ఖోర్‌లో. రాయచోటి దగ్గర మా పల్లె నుంచి నేను ఆ ఇంటికి వచ్చేనాటికి ఆఖరి పిల్ల నెలల గుడ్డు. పాలు పట్టడం, నీళ్ళు పోయడం, జోకొట్టడం అన్నీ నావే. మాటలొచ్చాక నన్ను దాదా అనేది. అక్కడ ఆయాను అలాగే పిలుస్తారు. రాత్రిళ్ళు నా పక్కనే, నా చెవి పట్టుకుని నిద్రపోయేది.

ఆ రోజు అందరూ తలా ఒక కర్ర పట్టుకుని ఇసుకలో పగుళ్ళు చూసుకుంటూ నడిచారు. పిల్లను చంకనేసుకుని నేనూ వెనకాలే నడిచాను. మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంది. పిల్ల బుగ్గలు కందిపోయాయి. బళ్ళు ఎక్కడో దూరంగా ఉండిపోయాయి. కనుచూపు మేరలో చెట్టంటూ లేదు, నా అంత ఎత్తున్న ఒక జిల్లేడు పొద తప్ప. దాని నీడ పిల్లకు చాలలేదు. నాలుగు కొమ్మలు విరిచి ఇసుకలో గుచ్చి, పైన ఇంకో రెండు అడ్డంగా వేశాను. పాలు మోచేతుల దాకా కారాయి. మా ఊళ్ళో కాల్లో ముల్లు దిగితే జిల్లేడు పాలే పోస్తారు. కంట్లో పడకూడదని మాత్రం తెలుసు. పిల్లకు అంటకూడదని, తలకు కట్టుకున్న గుడ్డ విప్పి చేతులు శుభ్రంగా తుడుచుకున్నాను. ముసలావిడ దూరం నుంచి చూసి, ఉషర్, ఉషర్ అంటూ చెయ్యి ఊపింది. అది ఆ చెట్టు పేరని తెలుసు కానీ ఆవిడ ఏం చెబుతోందో తెలియలేదు. సాయంత్రం బండెక్కేటప్పుడు అదే గుడ్డతో ముఖానికి పట్టిన చెమట తుడుచుకున్నాను.

మర్నాడు వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. ఆ మరుసటి రోజుకి మోచేతుల దాకా ఎర్రగా చారలు, చారల మీద నీటి బొబ్బలు. ముఖం ఉబ్బిపోయి ఒక కన్ను తెరుచుకోలేదు. గీకితే రసి కారేది. గీకకపోతే పిచ్చెక్కేది. అయినా అంట్లు తోముతూనే ఉన్నాను. సబ్బు నీళ్ళు తగిలినప్పుడల్లా చేతులు నిప్పుల్లో పెట్టినట్టుండేది.

మామా వంటింట్లోకి వచ్చి నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. నా కాళ్ళ దగ్గర ఆడుకుంటున్న పిల్లను చేయి పట్టి లాక్కుని వెళ్ళిపోయింది. పిల్ల ఒళ్ళంతా వెతికారు. ఒక్క పొక్కు కూడా లేదు. అయినా ఆ సాయంత్రమే నా పరుపు మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కనున్న పాత సామాన్ల గదిలోకి మారింది. నా కంచం, గ్లాసు కూడా పైకి వచ్చేశాయి. జిల్లేడు పాలని నాకొచ్చిన అరబీలో చెప్పబోయాను. జరబ్, జరబ్ అని మామా నా మాట కొట్టేసింది. జరబ్ అంటే గజ్జి.

ఆ గదిలో కింది మాటలన్నీ వినపడేవి. నిద్రవేళకు పిల్ల దాదా, దాదా అని ఏడ్చేది. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెట్టేది. నేను తలుపు అవతలికి వెళ్ళకూడదు. అన్నం గుమ్మం దగ్గర పెట్టి పోయేవాళ్ళు. నా చేతుల వాసన నేనే ఓర్చుకోలేకపోయేదాన్ని. ఈ మనుషులు నన్ను ఇట్లాగే ఇంటికి పంపేస్తే, కుష్టు అనుకుని మా ఊళ్ళో కూడా ఇంకో గది చూపిస్తారేమోనని భయం పట్టుకుంది.

చివరికి బాబా, ఆసుపత్రికి తీసుకుపొమ్మని డ్రైవర్‌తో చెప్పాడు. డ్రైవర్ జగిత్యాల వైపు అబ్బాయి, నన్ను అక్కా అనేవాడు. కారు వెనక సీటు మీద మామా ముందే ప్లాస్టిక్ పట్టా పరిపించింది. దాని మీద ఎటూ ఆనకుండా కూర్చున్నాను.

డాక్టర్ జంకలేదు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని బొబ్బల పక్కన వేలితో నొక్కి చూశాడు. ఏం ముట్టుకున్నావని మలయాళీ నర్సు హిందీలో అడిగింది. జిల్లేడుకు హిందీ మాట నాకు రాదు. జిల్లేడని తెలుగులోనే అన్నాను, డ్రైవర్ ఉషర్ అని అందించాడు. డాక్టర్ తల ఊపాడు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని చెప్పి పూతమందు, మాత్రలు రాసిచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో అడిగాను.

"పాపకేమన్నా అయిందా తమ్ముడూ? నా మాదిరి పొక్కులు లేచినాయా?"

"పాపకేం కాలే అక్కా. మంచిగనే ఉంది." కొంచెం దూరం పోయాక అన్నాడు. "బాబాకు నేను చెప్త, అంటుకునేది కాదని. గని పాపకు కొత్త మనిషి వస్తదట. ఏజెంటుతోని మాట్లాడిన్రు."

అతను చెప్పాడు. బాబా నమ్మాడు. మామా నమ్మలేదు. పిల్లల సంగతిలో ఆ ఇంట్లో మామా మాటే మాట.

బొబ్బలు ఎండి, చర్మం పొరలుగా ఊడి, నల్లటి మచ్చలు మిగిలాయి. నన్ను కిందికి రానిచ్చేసరికి ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకతి వచ్చి ఉంది. పిల్ల ఆమె చంకలో ఉంది. నేను ఆగలేక దగ్గరకు వెళ్ళి చేతులు చాచాను. పిల్ల నా ముఖం చూసి, ఆ అమ్మాయి మెడలో తల దూర్చేసి, "వసఖ్" అంది. మురికి అని. ఆ వయసు పిల్ల ఎవరో నేర్పితే తప్ప ఆ మాట అనదు. ఆ అమ్మాయి నా వైపు చూడలేక పిల్లను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరిగాను.

ఆ తర్వాత నా పని వంటిల్లు, బట్టలు, వాకిలి. పిల్ల జోలికి పోవద్దని మళ్ళీ ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది. ఎండాకాలం వచ్చేసరికి పిల్లకు ఆ భయం పోయింది. భయంతో పాటు నేనూ పోయాను. ఒక రోజు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి రొట్టె అడిగింది. దాదా అనలేదు, ఏ పేరూ లేకుండా అడిగింది. నేను రొట్టెను ప్లేటులో పెట్టి, ప్లేటు బల్ల అంచుకు జరిపి, పక్కకు తప్పుకున్నాను. అప్పటికి నా చేతుల మీద ఒక్క మచ్చ కూడా లేదు. పిల్ల రొట్టె తీసుకుని పరిగెత్తింది. ఆ ఇంట్లో ఇంకో ఏడాది పైనే పనిచేశాను.