చెరకు మోపుల మధ్య సంచి

పోయిన వారం ఒక నర్సు ఫోన్ చేసింది. "మాస్టారూ, గుర్తుపట్టేరా? రెండో బెంచీ గుంటని, మీ దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లని" అంది. వాళ్ళ బడి పాత విద్యార్థులంతా కలిసి చిన్న పుస్తకం వేస్తున్నారట. "మా బడిలో వండే వంటప్ప మా దరఖాస్తులు ట్రాక్టర్లో మర్చిపోతే మీరు వెతికి తెచ్చేరు కదా, అది రాసివ్వండి" అంది. సరేనన్నాను. ఆ కథలో ఒక్క ముక్కే నిజం, సంచి ట్రాక్టర్లో ఉండిపోవడం. మిగతాదంతా పన్నెండేళ్ళ కిందట నేను చెప్పిన అబద్ధం. రాయమన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో విశాఖలో నా ఉద్యోగానికి రెండు వారాలు సెలవు పెట్టి, రావికమతం దాటాక ఒక ఊరి బడిలో, గురుకుల ప్రవేశ పరీక్ష రాసే పిల్లలకు లెక్కలు చెప్పడానికి వెళ్ళాను. జీతం లేని పని కాబట్టి ఊరు నన్ను కాస్త ఎక్కువే గౌరవించింది. నేనూ ఆ గౌరవాన్ని కాస్త ఎక్కువే నమ్మాను. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడను పిల్లలు వంటప్ప అనేవారు. మా వైపు అక్కను అప్ప అంటారు. పొయ్యి దగ్గర నుంచే ఆవిడ పాఠం వినేది. భిన్నాలు తప్పు చేసినవాడికి గరిటె ఊపి, "ఒరే, కోడిగుడ్డు సగమే ఏస్తే ఊరుకుంటావేటి? మరి లెక్కలో సగం ఎందుకొదిలేసేవు?" అనేది. నా పాఠం కన్నా ఆ గరిటె పాఠమే వాళ్ళకు బాగా ఎక్కింది. ఏటా పిల్లల్ని పరీక్షకు పట్నం తీసుకెళ్ళేదీ ఆవిడే. ఆ రోజు దాచుకున్న పట్టుచీర తీసేదట.

నేను తిరుగు ప్రయాణమైన రోజున హెడ్మాస్టరు పదకొండు మంది దరఖాస్తులు నా చేతికిచ్చారు. సాయంత్రం ఐదులోగా విశాఖ ఆఫీసులో అందాలి. అదే ఆఖరి రోజు. ఆటోలో వెళ్ళమంటే వినక, సరదాపడి, ఫ్యాక్టరీకి పోతున్న చెరకు ట్రాక్టర్ ఎక్కాను. కాగితాలు గాలికి ఎగరకుండా సంచిని మోపుల మధ్యకు దూర్చాను. పాకం వాసనలో తేలిపోతూ వచ్చి, చోడవరం ఫ్యాక్టరీ ముందు దిగి, రోడ్డుకి ఇవతల బడ్డీలో టీ తాగాను. డబ్బుల కోసం సంచి తడుముకుంటే భుజాన లేదు. అవతల చెరకు తూచే కాటా దాకా ట్రాక్టర్ల వరస. కాటా దాటితే మోపులన్నీ క్రషర్‌లోకే.

పిచ్చివాడిలా ఆ వరస వెంట పరుగెడుతుంటే ఒక షేర్ ఆటో ఆగింది. బడికి పప్పులు కొనడానికి వస్తున్న వంటప్ప దిగింది. సంగతి చెప్పాను.

"ఏ ట్రాక్టర్ బాబూ?"

"ఎర్రది."

"బాగా సెప్పేవు! ఈ లైన్లో ఎర్రది కానిదొకటి సూపించు. డ్రైవర్ ఎలగుంటాడు?"

చూడలేదన్నాను. ఆవిడ దగ్గరున్న ట్రాక్టర్ మోపుల కట్టు చూసింది. చెరకు మోపుకి చెరకు ఆకునే తాడులా మెలిపెట్టి కడతారు. అన్నీ ఒకటే కట్టు అనుకునేవాణ్ణి. వంటప్ప ఒక్కో ట్రాక్టర్ దగ్గరా ఆ కట్టు మీద చెయ్యి వేసి, "ఇది దేవరాపల్లోళ్ళది. ఇదీ మనది కాదు" అంటూ నడిచింది. బడిలో పని దొరక్క ముందు ఆవిడ చెరకు కూలికి వెళ్ళేదట. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు రెండు మెలికలు తిప్పి కొస లోపలికి దోపుతారు. కాటాకు మూడో బండి దగ్గర ఆగింది. "ఇదిగో, మనోళ్ళ చెయ్యి" అంటూ చీర బిగించి పైకెక్కింది. దిగేటప్పటికి సంచి చేతిలో ఉంది. మోచేతుల నిండా ఆకు కోసిన గీతలు. అప్పుడే విశాఖ బస్సు వచ్చింది. నాకంటే ముందు పరుగెత్తి కిటికీలోంచి తువ్వాలు విసిరి నాకు సీటు ఆపింది. ఆ తువ్వాలు తిరిగివ్వడం కూడా మరిచాను.

దరఖాస్తులు వేళకే అందాయి. మర్నాడు హెడ్మాస్టరు ఫోన్ చేసి, ఫారాల మీద చెరకు మరకలున్నాయని ఆఫీసువాళ్ళు అన్నారు, ఏం జరిగిందని అడిగారు. ఆలోచించకుండానే అనేశాను: "దారిలో వంటప్ప కూడా ట్రాక్టరెక్కితే సంచి ఇచ్చాను సార్, అందులోనే మర్చిపోయింది. ఎలాగో వెతికి తీశాను." ఆ ఏడాది నుంచి పిల్లల్ని పరీక్షకు తీసుకెళ్ళే పని ఆవిడకు ఇవ్వలేదని తర్వాత తెలిసింది. నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు.

మొన్న ఆదివారం వంటప్ప ఇంటికి వెళ్ళాను, కొత్త తువ్వాలు పట్టుకుని. జుట్టు నెరిసింది గాని గొంతు అదే. మొత్తం చెప్పేశాను.

"నాకు తెలుసు బాబూ. ఆ రోజు హెడ్మాస్టరు ఫోన్‌కి స్పీకరెట్టి మాటాడేడు. నేను పక్కనే ఆనపకాయ తరుగుతన్నాను."

"మరి అప్పుడే ఆయనకి నిజం చెప్పలేదేం అప్పా?"

"సెప్తే నువ్వు సిగ్గుపడి మళ్ళీ రావు కదా. గుంటలకి లెక్కలెవరు సెప్తారు?" అంది. "నువ్వేటి, సెప్పకపోయినా రానేదు."

నేను మళ్ళీ రావాలని ఆవిడ ఆ మాట దాచింది. నా అబద్ధం బయటపడుతుందని నేను వెళ్ళడం మానేశాను. విశాఖ నుంచి ఆ ఊరు మూడు గంటల దారి. నాకు పన్నెండేళ్ళు పట్టింది.