నెగటివ్ అని చెప్పిన రోజు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు తెలిసింది తక్కువ, చెప్పాలన్న తొందర ఎక్కువ. కోల్‌కతాలో ఒక ఆసుపత్రి ల్యాబులో చేరి మూడు నెలలైనా కాలేదు, తెల్లకోటు తొడుక్కుంటే సగం డాక్టరునైపోయాననుకునేదాన్ని (మిగతా సగం స్టెతస్కోపు కొనుక్కుంటే వచ్చేస్తుందని నమ్మకం). అక్కడ తెలుగు వచ్చినది నాకొక్కదానికే కావడంతో, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ పేట నుంచి తెలుగు రోగి ఎవరొచ్చినా నన్నే పిలిచేవారు.

అలా ఒక ఓడరేవు కూలీ వచ్చాడు. ఊపిరితిత్తులు చెడి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నాడు, జ్వరం దిగడం లేదు. రక్తంలోకి ఫంగస్ చేరిందేమోనని డాక్టర్లు మందు మొదలుపెట్టి, యాంటీబాడీ పరీక్షకి రక్తం పంపారు. బయట బెంచీ మీదున్న అతని భార్యకి ఇదంతా నేను చెప్పాలి. ఫంగస్‌కి తెలుగు మాట వెతుక్కుని వెతుక్కుని, “బూజు, పిన్నీ” అన్నాను. “ఊరగాయకి పడతాది, ఆ బూజేనా అమ్మీ? మరి నానే గదా ఎట్టినాను” అంది ఆవిడ. (ఆ ఊరగాయ నిర్దోషి అని నచ్చజెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి.) నేను పుట్టించిన భయాన్ని నేనే పోగొట్టాలని ఒకటే ఆరాటం.

మర్నాడు రిపోర్టు నెగటివ్ వచ్చింది. మా పెద్ద టెక్నీషియన్ దీదీ దానిమీద సంతకం పెట్టేలోగానే మెట్లు దిగి పరుగెత్తి, బూజు లేదని చెప్పేశాను. ఆవిడ నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ఆ పూటే సందేశ్ మిఠాయి తెప్పించి నర్సులకీ, దర్వానుకీ, చివరికి మా దీదీకీ పంచింది.

సందేశ్ చేతిలో ఉండగానే దీదీ సంగతేమిటని అడిగింది. తిట్టలేదు. యాంటీబాడీలు తయారవ్వాలంటే ఒంట్లో కాస్త సత్తువ ఉండాలనీ, అంత నీరసించిన మనిషిలో ఫంగస్ ఉన్నా ఈ పరీక్షలో కనపడకపోవచ్చనీ చెప్పింది. మర్నాడే, రక్తంలో ఏం పెరుగుతుందో చూడడానికి అంతకుముందే పెట్టిన కల్చర్‌లో ఫంగస్ పెరిగింది. డాక్టరుగారి వెంట వెళ్ళి ఆవిడకి చెప్పమంది దీదీ, నన్నే.

డాక్టరు మాట తెలుగులో చెప్పి, నిన్న నేను చెప్పింది తప్పని కూడా చెబుతూ ఏడ్చేశాను.

“ఏడవకు అమ్మీ. పది రోజులైంది కంటిమీద కునుకు నేదు. నువ్వు నేదన్నావని నిన్న కూకున్నసోటే నిదరోయినాను” అంది ఆవిడ.

మూడోరోజు అతను పోయాడు. మందు ముందునుంచే పడుతోంది కనుక నా తొందరవల్ల అతనికి కీడేమీ జరగలేదని దీదీ పదేపదే చెప్పింది. అది నిజమే.

ఇప్పుడు రిపోర్టుల మీద సంతకం నాదే. రెండేసి మెట్లు దూకుతూ దిగిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. భుజం పట్టి ఆపాలనిపిస్తుంది. అంతలో బెంచీ మీద తల వాల్చి నిద్రపోయిన ఆవిడ గుర్తొస్తుంది, ఆపాలో వద్దో తేల్చుకోలేను.